ఊరంతటికీ చెప్తాం, పిల్లకి మాత్రం చెప్పం

(పల్నాడులోని ఒక పల్లెలో, మిరపకోతలకి జనం వలసపోయే ముందు జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో, ఏళ్ళ తరబడి ఆరోగ్య కార్యకర్తగా పనిచేసిన ఒక అక్క చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడిన తీరు మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)

అమ్మలారా, అక్కలారా, అన్నలారా, వెనకాల అరుగు మీద కూర్చుని వినీవిననట్టు వింటున్న పెద్దలారా, అందరికీ జై భీమ్.

ఇయ్యాల మాట్లాడేది పిల్లల సంగతి. పదేళ్ళు దాటి ఇరవై నిండని పిల్లలు. వాళ్ళ ఒంట్లో వచ్చే మార్పులు, మనసులో పుట్టే కోరికలు, కడుపు ఎట్లా వస్తుంది, రోగాలు ఎట్లా అంటుకుంటాయి, ఇవన్నీ వాళ్ళకి చెప్పాలా వద్దా, చెబితే ఎవరు చెప్పాలి? సర్కారు కాగితాల్లో దీన్ని కౌమార విద్య అని రాస్తారు. పేరు ఏదైతేనేం. మీటింగు ఉందని ఇంటింటికీ తిరుగుతుంటే కొందరు మగవాళ్ళు "ఆడోళ్ళ మీటింగంట" అని నవ్వారు. మగపిల్లలకి ఒళ్ళు లేదా? సరే, నవ్వినోళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు, సంతోషం.

ఒక విచిత్రం చూడండి. పిల్ల పెద్దమనిషి అయితే మనం ఏం చేస్తాం? తాటాకు చాప మీద కూర్చోబెడతాం. చిమ్మిలి పెడతాం. మేనమామకి కబురు చేస్తాం, ఆయన చీర తెస్తాడు. ఇప్పుడైతే బజారు మొదట్లో ఫ్లెక్సీ కడుతున్నాం. మధ్యలో పిల్ల ఫోటో, పైన నాయకుల ఫోటోలు, కింద చుట్టాల పేర్లు. మైకు పెడతాం. అప్పు చేసైనా భోజనాలు పెడతాం. అంటే ఈ పిల్లకి ముట్టు మొదలైందన్న సంగతి ఊరికీ పల్లెకీ, రోడ్డు మీద బస్సులో పోయేవాడికీ తెలుసు. తెలియనిది ఒక్కరికే. ఆ చాప మీద కూర్చున్న పిల్లకి. ఆ రక్తం ఎక్కడి నుంచి వస్తుందో, ఎందుకు వస్తుందో, నెల తప్పితే ఏమిటో, నొప్పి వస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. "ఇక మగపిల్లలతో ఆడబాక" అని ఒక్క మాట అంటారు, అయిపోయింది. ఆ మాట పట్టుకుని, బస్సులో పక్కన పిల్లాడు కూర్చుంటే కడుపొస్తుందేమోనని రెండు నెలలు నిద్రపోని పిల్ల నా దగ్గరికి వచ్చింది. తొమ్మిదో తరగతి చదివే పిల్ల. లెక్కల్లో ఫస్టు.

చిమ్మిలి పెట్టటం తప్పని నేను అనటం లేదు. నువ్వులూ బెల్లమూ ఒంటికి మంచివే. ఆ తొమ్మిది రోజులు చూసినట్టు ఏడాది పొడుగునా చూస్తే బాగుండు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, మన రాష్ట్రంలో ఈడొచ్చిన ఆడపిల్లలు పదిమందిలో ఆరుగురికి రక్తం తక్కువ. అన్నం చివర తినేది ఎవరో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

ఈ మూగతనం మన పల్లెల్లో ఆది నుంచీ ఉందని అనుకోబాకండి. నాట్లేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు మన ముసలమ్మల నోట వచ్చే పాటలు, మాటలు మీరు వినలేదా? వదినా మరదళ్ళ సరసాలు, బావల మీద వేసే చెణుకులు. మొగుడు పొద్దున లేవకపోతే ఎందుకు లేవలేదో కూడా గట్టు మీద కూర్చుని చెప్పుకుని నవ్వేవాళ్ళు. మరి పొలంలో అంత నోరున్న మనిషి ఇంట్లో కూతురి ముందు ఎందుకు మూగబోయింది? నాకు తోచింది చెప్తా. మనం నాలుగక్షరాలు నేర్చుకుని, ఊళ్ళో వాళ్ళ మాదిరి మర్యాదగా బతకాలనుకున్నాం. మర్యాద కోరుకోవటంలో తప్పులేదు. కానీ వాళ్ళ భూమిలో మనకి భాగం రాలేదు, వాళ్ళ చదువులో భాగం ఆలస్యంగా వచ్చింది, వాళ్ళ దాపరికం మాత్రం ముందే వచ్చేసింది. ఇంటి పరువంతా ఆడపిల్ల ఒంట్లో మూటగట్టి దానికి కాపలా కాయటం మనువు పద్ధతి. చెమటోడ్చి బతికేవాళ్ళ పద్ధతి కాదు.

అయితే అరువు తెచ్చుకోని భయం ఒకటి ఉంది. అది మన సొంతం. పిల్ల ఎదిగిందని తెలిస్తే ఎవరి కన్ను పడుతుందో మనకి తెలుసు. పత్తిచేలో తల్లి ఒక సాలులో ఉంటే పిల్ల ఇంకో సాలులో ఉండకుండా ఎందుకు పక్కనే పెట్టుకుంటుందో మనకి తెలుసు. తెలంగాణ వైపు మన పిల్లల్నే ఈడు రాకముందే జోగినిగా దేవుడి పేరున వదిలి, ఈడొచ్చాక ఊరి పెత్తందార్లకి అప్పగించారు. దాన్ని నేరమని చెప్పటానికి 1988 దాకా చట్టం రాలేదు. మగపిల్లల తల్లులకి ఇంకో భయం. 1991లో చుండూరులో గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాట దగ్గర. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. "ఆడపిల్లల్ని ఏడిపించారు" అనే నింద మన మగపిల్లల మీద ఎంత సులువుగా పడుతుందో, పడితే ఏమవుతుందో మన పెద్దలు చూశారు. అందుకే కొడుక్కి "తల వంచుకుని పో" అని చెప్పారు, కూతురికి "తల ఎత్తబాక" అని చెప్పారు. ఆ భయంలో నోరు మూసుకున్న తల్లిదండ్రుల్ని నేను తప్పుబట్టను.

కానీ ఇప్పుడు మార్పు వచ్చింది. అది చెప్పటానికే ఈ మీటింగు. ఒకప్పుడు నేను ముట్టు అనే మాట ఎత్తితే తల్లులు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచిపోయేవాళ్ళు. "మాకు తెలియదా, నువ్వు చెప్పాలా" అనేవాళ్ళు. ఇప్పుడు అవే ఇళ్ళలో తల్లులు చీకటి పడ్డాక నా దగ్గరికి వచ్చి, "అక్కా, మా పిల్లకి కాస్త చెప్పవా, నాకు నోరు రావటం లేదు" అంటున్నారు. తండ్రులు కూడా అడుగుతున్నారు. టౌనుకి పోయి కూతురికి నాప్కిన్ల పాకెట్టు తెచ్చే తండ్రులు మన పల్లెలో ఉన్నారు. నల్ల కవర్లో పెట్టించుకుని తెస్తారు అనుకోండి, తెస్తున్నారు గదా.

ఈ మార్పు ఎవరో పెద్దమనుషులు వచ్చి ఉపన్యాసాలు ఇస్తే రాలేదు. చెప్పకపోవటానికి మనం కట్టిన వెల చూసి వచ్చింది.

మొదటి వెల ఎయిడ్స్. 1986లో మద్రాసులో మన దేశంలో మొదటిసారి హెచ్‌ఐవి బయటపడింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి మన ఆంధ్ర దేశంలోనే ఎక్కువ మందికి సోకిన రాష్ట్రాల్లో ఒకటయింది. 2005-06 సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ వాళ్ళలో నూటికి దాదాపు ఒకరికి ఉందని తేలింది. రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. లారీల మీద పోయినవాళ్ళు, వలసపోయిన కూలీలు ముందు పోయారు. తర్వాత వాళ్ళ భార్యలు పోయారు. ఆ పిల్లల్ని అమ్మమ్మలు, నాయనమ్మలు కూలికిపోయి పెంచారు. అప్పటిదాకా మన తల్లులకి ఒక నమ్మకం ఉండేది. పిల్లకి పెళ్ళి చేసేస్తే ఇక ఏ చెడూ రాదని. గడప దాటని ఇల్లాలికి కూడా మొగుడి వల్ల రోగం వచ్చేసరికి ఆ నమ్మకం విరిగింది. తాళి టీకా కాదని తెలిసింది. ఆ తరంలో కూతుళ్ళని పోగొట్టుకున్న ముసలమ్మలే మనవరాళ్ళకి చెప్పమని నన్ను ముందు పిలిచారు. చదువుకున్న కోడళ్ళు అడ్డం చెప్పినా వాళ్ళు ఊరుకోలేదు.

రెండోది ఫోను. 2020లో కరోనా వచ్చి బళ్ళు మూసినప్పుడు, ఆన్‌లైన్ పాఠాలని అప్పుచేసి ఫోన్లు కొన్నాం. పాఠాలు ఎన్ని విన్నారో గానీ మిగతావన్నీ చూశారు. పన్నెండేళ్ళ పిల్లాడు బూతు సినిమా చూసి, కాపురమంటే ఇదేనని అనుకుంటున్నాడు. ఆడదానికి ఇష్టం ఉండాలనీ, అడగాలనీ, వద్దంటే వద్దనే అర్థమనీ అందులో ఎక్కడా ఉండదు. ఆడపిల్ల ఫోటో తీసి, దాన్ని మార్చి, డబ్బులడిగే వాళ్ళు తయారయ్యారు. "మేం చెప్పకపోతే వాళ్ళకి తెలియదు" అనే మాట అక్కడితో చచ్చిపోయింది. చెప్పే మనిషి లేకపోతే ఫోను చెప్తుంది. గోడల మీద "నరాల బలహీనత" రాతలు చెప్తాయి. ఆ రాతలు చూసి లాడ్జీల్లో కూర్చునే డాక్టర్ల దగ్గరికి పోయి, మిరపకోత కూలి డబ్బంతా పోసిన కుర్రాళ్ళు నాకు తెలుసు. వాళ్ళకి ఏ జబ్బూ లేదు. రాత్రి నిద్రలో వీర్యం పోవటం ఆ వయసులో మామూలు. చేత్తో చేసుకుంటే ఒళ్ళు గుల్లవుతుంది, పిల్లలు పుట్టరు అనేది వట్టి అబద్ధం. ఈ రెండు ముక్కలు తండ్రి కొడుక్కి చెప్పి ఉంటే ఆ డబ్బు మిగిలేది. అంతకంటే ముఖ్యం, ఆ పిల్లాడికి తనమీద తనకి అసహ్యం పోయేది.

మూడోది చట్టం. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, దీంట్లో మన పిల్లలు జైళ్ళలో ఉన్నారు.

మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళని అడిగితే నూటికి 29 మందికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిందని చెప్పారు. అదే 2019-21 సర్వే. దేశం మొత్తం మీద అది 23. తెలంగాణలోనూ 23 దాకా ఉంది. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లల్లో అప్పటికే తల్లులయినవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు మన దగ్గర నూటికి 12 మంది దాటారు. దేశంలో ఏడుగురు కూడా లేరు. పక్కనున్న తెలంగాణలో ఆరుగురు లోపే. ఎందుకు మన దగ్గర ఇంత? మిరపకోతకి, పత్తికి తల్లీతండ్రీ నెలల తరబడి పోతారు. ఎదిగిన పిల్లని ఎవరి దగ్గర వదలాలి? వెంట తీసుకుపోతే బడి పోతుంది, పొలాల్లో డేరాలో పడుకోబెట్టాలి. వదిలిపోతే భయం. అందుకని పెళ్ళి. కట్నం కూడా చిన్న వయసులో తక్కువ. ఇది మూర్ఖత్వమని టౌనులో కూర్చుని రాసేవాళ్ళకి ఒకటే చెప్తా, మా పిల్లలకి ఆ మూడు నెలలు సీజనల్ హాస్టలు పెట్టించి తర్వాత రాయండి.

పెళ్ళి చేశాం, కడుపొచ్చింది, కాన్పుకి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ ఆధార్ చూస్తారు. పదహారేళ్ళు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు పిల్లతో కలిస్తే ఆమె ఇష్టపడినా అది నేరమే. ఆసుపత్రివాళ్ళకి తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే వాళ్ళమీద కేసు. పెళ్ళయింది గదా అంటే కుదరదు. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు, భార్య అయినా పద్దెనిమిది నిండకపోతే అత్యాచారమే అంది. 2019లో చట్టం మార్చాక శిక్ష పదేళ్ళకి తగ్గదు, కొన్నిట్లో ఇరవై ఏళ్ళు. పెళ్ళి చేసిన పెద్దల మీద బాల్యవివాహ చట్టం కింద వేరే కేసు. ఇద్దరు పిల్లలు ఇష్టపడి వెళ్ళిపోతే కూడా ఇంతే. ఆ పిల్ల ఊళ్ళో వాళ్ళ పిల్లయి, మన కుర్రాడు పల్లె కుర్రాడయితే ఇక చెప్పేదేముంది. పెళ్ళి చేసుకున్న వయసున్న వాళ్ళనే బతకనివ్వలేదు, 2018లో మిర్యాలగూడలో నడిరోడ్డు మీద ఏం చేశారో చూశాం. వయసు కూడా తక్కువైతే చట్టాన్నే కత్తిలా వాడతారు.

మరి ఈ చట్టం సంగతి పదిహేనేళ్ళ మన కుర్రాడికి ఎవరైనా చెప్పారా? పద్దెనిమిది అనే గీత ఒకటుందని, అది దాటితే పదేళ్ళు లోపలేస్తారని? ఈ పిల్లల్ని పోలీసు స్టేషన్లో చూసినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది. వీడికి సంవత్సరాల తరబడి బళ్ళో త్రికోణాలు చెప్పారు, ఇది చెప్పలేదు.

"చెబితే చెడిపోతారు" అనే పాత మాట ఇప్పటికీ కొందరంటారు. దీనిమీద ప్రపంచమంతా పరిశీలనలు చేశారు. యునెస్కో, ప్రపంచ ఆరోగ్య సంస్థ వంటివి కలిసి 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ ఫలితం ఉంది. ఈ చదువు చెప్పిన చోట పిల్లలు తొందరపడటం పెరగలేదు. తెలిసిన పిల్లలే ఆగుతున్నారు, జాగ్రత్త పడుతున్నారు. నీటి లోతు చెప్పినంత మాత్రాన పిల్లాడు చెరువులో దూకడు గదా.

మన దేశంలో దీన్ని ఎవరు అడ్డుకున్నారో కూడా తెలుసుకోవాలి. 2005లో కేంద్ర ప్రభుత్వం బళ్ళలో కౌమార విద్య కార్యక్రమం తెచ్చింది. 2007లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. భారతీయ సంస్కృతి పాడయిపోతోందని గోల. రాజ్యసభ పిటిషన్ల కమిటీ దాన్ని విచారించింది. దానికి అధ్యక్షుడు మన నెల్లూరు జిల్లా మనిషే, వెంకయ్యనాయుడు గారు. 2009లో కమిటీ నివేదిక ఇచ్చింది. బళ్ళలో లైంగిక విద్య వద్దు, పెళ్ళికి ముందు ఆ సంబంధం వద్దని చెబితే చాలు అంది. బాల్యవివాహం చట్టవిరుద్ధమని, ఆరోగ్యానికి చేటని పిల్లలకి చెప్పమని కూడా అంది, ఆ మాట వరకు మంచిదే. కానీ పెళ్ళికి ముందు వద్దంటే, పదహారేళ్ళకే పెళ్ళయిపోయే మన పిల్లకి దాంట్లో ఏం దొరికింది? మన పల్లెల్లో ఏ తల్లినైనా అడిగి ఆ మాట రాశారా? సంస్కృతి పేరు చెప్పేవాళ్ళ పిల్లలకి ఇంట్లో పుస్తకాలుంటాయి, డాక్టరు మేనత్త ఉంటుంది. మన పిల్లకి బడి తప్ప దిక్కులేదు. 2024 సెప్టెంబరులో ఒక తీర్పులో సుప్రీంకోర్టు కూడా, లైంగిక విద్య పాశ్చాత్యులదని, మన విలువలకి విరుద్ధమని అనుకోవటం పొరపాటని చెప్పింది. పదిహేనేళ్ళు పట్టింది.

ఇంకా వెనక్కి పోతే మనకి బాబాసాహెబ్ కనపడతారు. ఈ కథ మన సభల్లో ఎందుకో తక్కువ చెప్తారు. బొంబాయిలో రఘునాథ్ ధోండో కర్వే అనే ఆయన 1927 నుంచి 'సమాజ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రిక నడిపాడు. జనం తమ ఒంటి గురించి, కాపురం గురించి సిగ్గుపడి ఎక్కడా అడగలేని ప్రశ్నలు ఆ పత్రికకి రాసేవాళ్ళు, ఆయన దాచకుండా జవాబిచ్చేవాడు. బూతు రాస్తున్నాడని ఛాందసులు ఆయన మీద కేసు పెట్టించారు. 1934లో ఆ కేసులో కర్వే తరఫున నిలబడ్డ వకీలు ఎవరనుకున్నారు? డాక్టర్ అంబేద్కర్. ఒంటి గురించి శాస్త్రం ప్రకారం రాసినంత మాత్రాన అది బూతు ఎట్లా అవుతుందని, పాఠకులు అడిగిన దానికి జవాబు చెప్పటం తప్పెట్లా అవుతుందని వాదించారు. కేసు ఓడిపోయారు, కర్వేకి 200 రూపాయల జరిమానా పడింది. బ్రాహ్మడి కొడుకైన కర్వే కేసు వాదిస్తే మన జనానికి ఏమొస్తుందని ఆయన లెక్క చూసుకోలేదు.

మళ్ళీ 1938 నవంబరు 10న బొంబాయి అసెంబ్లీలో కుటుంబ నియంత్రణ సౌకర్యాలు కల్పించాలని తీర్మానం పెట్టించారు. ఆరోజు ఆయన సభలో లేకపోతే ఆయన పార్టీ సభ్యుడు రోహం ప్రవేశపెట్టాడు. అనుకూలంగా 11 ఓట్లు, వ్యతిరేకంగా 52. ఎన్ని కాన్పులు అనేది ఆడదాని ప్రాణానికీ, కూలివాడి కంచానికీ సంబంధించిన సంగతని ఆయనకి అప్పుడే తెలుసు. ఏప్రిల్ 14న ఆయన బొమ్మకి దండేసి, ఇంటికొచ్చి కూతురు ఏదో అడిగితే "నోరు ముయ్యి" అనటం నాకు సరిపోవటం లేదు.

అయితే తల్లిదండ్రులు అడ్డం చెప్పినప్పుడల్లా వెనకబాటుతనం అనేసే మేధావులతో కూడా నాకు పేచీ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఏం జరిగింది? గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండా వేసే టీకాని, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి వేశారు. ఒక విదేశీ సంస్థ పథకం, సర్కారు సహకారం. ఎక్కువమంది గిరిజన, దళిత, బీద పిల్లలు. హాస్టళ్ళలో ఉన్న పిల్లలకి తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకి టీకా కారణమని అనలేమని విచారణలో తేల్చారు. టీకా మంచిదే, కాన్సర్ని ఆపుతుంది. కానీ ఇది దేనికని ఆ తల్లుల్ని ఎవరు అడిగారు? 2010 ఏప్రిల్లో పథకం ఆపారు. 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. ఆ తర్వాత ఏ టీకా వచ్చినా, ఏ పాఠం వచ్చినా ఆ తల్లులు తలుపేసుకుంటే తప్పెవరిది? మన పిల్లల ఒంటి మీద నిర్ణయాలన్నీ మనని అడక్కుండానే జరుగుతూ వచ్చాయి. కాబట్టి పిల్లలకి చెప్పేముందు తల్లిదండ్రులకి చెప్పండి అని మనం అడగటంలో న్యాయం ఉంది. అది వెనకబాటు కాదు, హక్కు.

ఇప్పుడు మార్పు వచ్చిందన్నాను గదా, ఎంత వచ్చిందో కూడా ఉన్నదున్నట్టు చెప్తా. సగం తలుపే తీశారు. ముట్టు గురించి చెప్పమంటారు, సరే. ఎవడైనా చెయ్యి వేస్తే ఎట్లా తప్పించుకోవాలో చెప్పమంటారు, సరే. రోగాల గురించి కూడా సరే. నిరోధ్ మాట ఎత్తితే మాత్రం, "అది పెళ్ళయ్యాక చూసుకుంటార్లే అక్కా" అంటారు. ప్రేమ గురించి అయితే అసలే వద్దంటారు. పిల్లలు అడిగే ప్రశ్నల్లో సగం ప్రేమ గురించే ఉంటాయి మరి. కూతురికి చెప్పమని పిలిచే ఇంట్లోనే కొడుకుని బయటికి పంపేస్తారు. ఆడపిల్లకి ఎంత చెప్పినా, పక్కన ఎదిగే మగపిల్లాడికి ఏమీ తెలియకపోతే ఆ పిల్ల జాగ్రత్త ఎవరి నుంచి పడాలి? మన వాళ్ళ నుంచే పడాలి. ఈ మాట చేదుగా ఉంటుంది. పెత్తందారు చెయ్యి వేస్తే ధర్నా చేస్తాం. బాబాయి, బావ చెయ్యి వేస్తే పిల్లనే కసురుతాం. పిల్ల చెప్పినప్పుడు ముందు నమ్మండి. ఆ తర్వాత 1098కి ఫోను చెయ్యండి, పిల్లల కోసం ఉన్న నంబరు అది, డబ్బులు పడవు.

ఒకవేళ జరగరానిది జరిగి కడుపొస్తే, ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు మింగించబాకండి. మంత్రసాని దగ్గరికి చాటుగా తీసుకుపోయి రక్తం పోయి చనిపోయిన పిల్లలున్నారు. సర్కారు ఆసుపత్రిలో గర్భం తీయించుకోవటానికి 1971 నుంచీ చట్టం ఉంది. 2021లో మార్చాక, మైనరు పిల్లలకి, అత్యాచారానికి గురైనవాళ్ళకి 24 వారాల దాకా వీలుంది. పద్దెనిమిది నిండని పిల్లకి పెద్దవాళ్ళ సంతకం కావాలి. పరువు పోతుందని ఆలస్యం చేస్తారు, అదే ప్రాణం తీస్తుంది. పిల్లా, ఆమె పెద్దవాళ్ళూ కోరితే పోలీసులకిచ్చే రిపోర్టులో పిల్ల పేరు డాక్టరు బయటపెట్టక్కర్లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. కొన్నిచోట్ల డాక్టర్లకే ఈ సంగతి తెలియదు, మీరే గుర్తుచెయ్యాలి.

ఇంట్లో ఏం చెప్పాలి అని అడుగుతారు. తల్లులు భయపడేంత పెద్ద పాఠమేమీ కాదు. పిల్లకి తొమ్మిదో పదో ఏడు రాగానే, ముట్టు రాకముందే చెప్పండి. నెలనెలా గర్భసంచి లోపల ఒక మెత్తటి పొర తయారవుతుంది, బిడ్డ పడితే దానికోసం, పడకపోతే అది రక్తంతో కలిసి బయటికి పోతుంది. అంతే. అది చెడు రక్తం కాదు, మైల కాదు. మొదటి ఒకటి రెండేళ్ళు తేదీలు అటూఇటూ అవుతాయి. గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేయండి. చూరు కింద చీకట్లో దాచిన గుడ్డే రోగాలు తెస్తుంది. ఎండలో ఆరేస్తే మగవాళ్ళు చూస్తారంటారా? చూడనివ్వండి, వాళ్ళ పంచెలు మనం రోజూ ఆరేస్తున్నాం. నోరు రాకపోతే ఆశా కార్యకర్తని పిలవండి. ఈ పల్లెలో ఆమె మన పిల్లే, ఏఎన్ఎం కూడా మన హాస్టల్లో చదువుకుని వచ్చిన పిల్లే. మార్పుకి ఇది కూడా ఒక కారణమని నా లెక్క. ఊళ్ళోంచి వచ్చి ముక్కు మూసుకుని చెప్పే మాటకీ, మన ఇంటి పిల్ల చెప్పే మాటకీ తేడా ఉంటుంది. కొడుక్కి మాత్రం తండ్రే చెప్పాలి, లేదంటే మేనమామ.

బడి సంగతి సంఘం పిల్లలు చూడాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నూటికి 75 మంది తల్లిదండ్రులే. మొత్తంలో సగం ఆడవాళ్ళు ఉండాలి, మన జనాభా లెక్కన మనవాళ్ళు ఉండాలి. ఆ కమిటీలో మనవాళ్ళు సంతకాలకే పనికొస్తున్నారు. వచ్చే సమావేశంలో అడగండి. పునరుత్పత్తి పాఠం వచ్చినప్పుడు "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేస్తున్నారా, చెప్తున్నారా? 2014 నుంచి రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద ఈడు పిల్లలకి ఆసుపత్రుల్లో ప్రత్యేక క్లినిక్కులుండాలి. మనకి దగ్గరలో అది ఏ రోజు తెరుస్తారు, ఎవరు కూర్చుంటారు? ఏం చెప్పబోతున్నారో ముందు తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చెప్పమనండి. అదీ పొద్దున పదింటికి పెడితే కూలి మానుకుని ఎవరూ రారు, పొద్దుగూకాక పెట్టమనండి. దాంతోపాటు కోతల సీజనుకి పిల్లలకి హాస్టలు కావాలని అర్జీ రాయండి. ఈ రెండూ వేరువేరు కాదు. పిల్ల బళ్ళో ఉంటేనే ఏ పాఠమైనా వింటుంది.

నేను చాలాసేపు మాట్లాడాను. ప్రశ్నలు నోటితో అడగలేనివాళ్ళు చీటీ మీద రాసి ఆ డబ్బాలో వెయ్యండి, పేరు రాయక్కర్లేదు. రాయటం రానివాళ్ళకి ఆశా పిల్ల రాసిపెడుతుంది, ఎవరికీ చెప్పదు. ఇందాకటి నుంచి రెండో వరసలో పచ్చ చీర అమ్మ చెయ్యెత్తుతోంది, పక్కనున్న మొగుడు కిందికి లాగుతున్నాడు. అన్నా, ఆమె చెయ్యి వదిలెయ్యి. మైకు అటు ఇవ్వండి.